79 ఏళ్ళ నాన్నకి టావీ చేయించాం, మాకు ఎలా జరిగిందో రాస్తున్నాను

టావీ అంటే ఛాతీ కోయకుండా, రక్తనాళంలోంచి గుండెలోకి కొత్త వాల్వ్ పంపించి పెట్టడం. ముందే ఒక మాట. ఇందులో ఆసుపత్రి పేరు గానీ డాక్టర్ల పేర్లు గానీ రాయడం లేదు. నాకు బాగా కోపం వచ్చిన విషయాలు కూడా ఇందులో ఉన్నాయి, అలాంటప్పుడు పేర్లు పెట్టి రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఇంట్లో పెద్దవాళ్ళకి 'గుండెలో వాల్వ్ మూసుకుపోతోంది, ఈ పరిస్థితిలో ఓపెన్ హార్ట్ కష్టం, టావీ చేయించుకోండి' అని డాక్టర్ చెప్పి పంపిస్తే, ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్ పట్టుకుని కూర్చునేవాళ్ళు ఉంటారు కదా, వాళ్ళ కోసం రాస్తున్నాను. నాలుగు నెలల కిందట నేనూ అలాగే తెల్లవారుజామున మూడింటి దాకా వెతికాను. దొరికినవన్నీ ఆసుపత్రుల ప్రకటనలు, లేదంటే నాకు సగమే అర్థమైన ఇంగ్లీషు వ్యాసాలు. ఫలానా ఇంటివాళ్ళు తమ మనిషికి చేయించారు, మొదటి నుంచి చివరిదాకా ఇలా జరిగింది అని తెలుగులో రాసింది నాకు ఒక్కటీ కనపడలేదు.

నాన్న ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రింటింగ్ ప్రెస్సుల్లో ప్రూఫ్ రీడర్‌గా చేశారు. మేం అశోక్‌నగర్‌లో ఉంటాం. రోజూ సాయంత్రం చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్ళి, పేపర్లన్నీ చదివి, ఏడింటికల్లా ఇంటికి రావడం ఆయన అలవాటు. 2011లో బైపాస్ అయింది. షుగర్ ఉంది, కిడ్నీలు కొంచెం వీక్, అవి ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ అనే రక్తపరీక్షలో అంకె 1.8 దగ్గర ఉంటుంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, హై రిస్క్ అనేది ఒక్క వయసు చూసి అనే మాట కాదు, వీటన్నిటినీ కలిపి లెక్కేస్తేనే తేలుతుంది.

పోయిన సంక్రాంతి తర్వాత ఆయన లైబ్రరీ నుంచి వచ్చేసరికి ఎనిమిది, ఎనిమిదిన్నర అవుతోంది. అడిగితే 'వీక్లీలు కూడా చూశానమ్మా' అనేవారు. ఒకరోజు నేను కూరగాయలు తీసుకుని వస్తుంటే ముందు ఆయన నడుస్తూ కనిపించారు. పిలుద్దామనుకునేలోపు ఒక గోడ ముందు ఆగారు. అశోక్‌నగర్ అంతా గ్రూప్స్ కోచింగ్ సెంటర్లే కదా, ప్రతి గోడ మీదా పోస్టరే. కళ్ళజోడు పైకి తోసుకుని ఆ పోస్టర్ చదువుతున్నట్టు నిలబడ్డారు. ఎడమ చెయ్యి గోడకి ఆనించి ఉంది, భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి. ఒక నిమిషం తర్వాత కదిలి, కొంచెం దూరం పోయి, ఇంకో పోస్టర్ దగ్గర మళ్ళీ ఆగారు. మా వీధి మొదలు నుంచి ఇంటి గేటు దాకా ఐదుసార్లు ఆగారు. ఆయాసం వస్తోందని చూసేవాళ్ళకి తెలియకూడదని పోస్టర్లు చదువుతున్నారు. నాకు అక్కడే రోడ్డు మీద ఏడుపొచ్చేసింది.

మర్నాడు మా ఫ్యామిలీ డాక్టర్ స్టెత్ పెట్టి చాలాసేపు విని, టూడీ ఎకో, అంటే గుండె స్కానింగ్, రాశారు. రిపోర్టులో సివియర్ ఆయోర్టిక్ స్టెనోసిస్ అని వచ్చింది. గుండె నుంచి ఒళ్ళంతటికీ రక్తం తీసుకెళ్ళే పెద్ద రక్తనాళం మొదట్లో మూడు రెక్కల వాల్వ్ ఒకటి ఉంటుంది. వయసు మీద పడేకొద్దీ ఆ రెక్కలకి కాల్షియం పట్టి గట్టిపడిపోతాయి, వానకి ఉబ్బిన తలుపులాగా సగం కూడా తెరుచుకోవు. మామూలుగా మూడు నాలుగు చదరపు సెంటీమీటర్లు తెరుచుకోవాల్సిన చోటు నాన్నకి 0.7 మాత్రమే తెరుచుకుంటోంది. 1 కంటే తగ్గితే తీవ్రం అని లెక్క. ఆ సందులోంచి రక్తాన్ని తోయడానికి గుండె ఎంత కష్టపడుతోందో మీన్ గ్రేడియంట్ అనే అంకె చెబుతుంది. అది 40 దాటితే తీవ్రం, నాన్నకి 52. ఆయాసం, నడిస్తే ఛాతీలో నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏ ఒక్కటి మొదలైనా ఇక వాయిదా వేయడానికి లేదన్నారు. నీరు తీయడానికి మాత్రలు ఇస్తారు, కాస్త తేలిగ్గా ఉంటుంది, అంతే. ఆ వాల్వ్‌ని తిరిగి మెత్తబరిచే మందు లేదు. బీపీకీ షుగర్‌కీ ఉన్నట్టే దీనికీ ఏదో మాత్ర ఉంటుందిలే అనుకున్నదాన్ని, లేదని మింగుడుపడటానికి నాకు రెండు రోజులు పట్టింది.

మొదట వెళ్ళింది ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక కార్పొరేట్ ఆసుపత్రికి. అక్కడి డాక్టర్ ఎకో చూసి ఐదు నిమిషాల్లో 'రేపు అడ్మిట్ చేయండి, ఎల్లుండి టావీ చేసేద్దాం, నాలుగో రోజుకి ఇంట్లో ఉంటారు' అన్నారు. కిడ్నీల సంగతి అడిగాను. 'అవన్నీ మేం చూసుకుంటాం' అన్నారు. పాత బైపాస్ గురించి అడిగితే మళ్ళీ అదే జవాబు. నాన్న పక్కనే కూర్చుని ఉన్నా ఆయన వైపు ఒక్కసారి తిరగలేదు, మాటలన్నీ నాతోనే. గది బయటికి రాగానే ఒకబ్బాయి ఫైలు పట్టుకుని వచ్చి 'ఈరోజు ఎంత డిపాజిట్ కడతారు మేడమ్' అని అడిగాడు. ఎవరి గుండెలో వాల్వ్ పెడతామంటున్నారో ఆ మనిషితోనే ఒక్క ముక్క మాట్లాడని చోట నాకు కాళ్ళు నిలవలేదు. ఇంటికి వచ్చేశాం.

రెండో ఆసుపత్రి ఇంటి నుంచి గంట ప్రయాణం, ట్రాఫిక్ ఉంటే గంటన్నర. పుణెలో ఉండే మా తమ్ముడి స్నేహితుడు చెబితే వెళ్ళాం. ఈ రివ్యూ ముఖ్యంగా దీని గురించే. ఓపీలో అపాయింట్‌మెంట్ టైమ్ దాటి రెండు గంటలు కూర్చోబెట్టారు, పెద్దాయన్ని పెట్టుకుని అది చాలా ఇబ్బంది. కానీ లోపలికి వెళ్ళాక డాక్టర్ గారు కుర్చీ ముందుకి జరుపుకుని నాన్ననే అడిగారు: 'సర్, ఎన్ని అడుగులు వేస్తే మీకు ఆయాసం మొదలవుతోంది?' నాన్న ఒకసారి నా వైపు చూసి, తలొంచుకుని, 'యాభై' అన్నారు. ఆయన లెక్కపెట్టుకుంటున్నారని నాకు తెలియదు. గోడల దగ్గర నేను చూశానని ఆయనకి తెలియదు.

ఆ రోజు డాక్టర్ గారు ముప్పావు గంట మాట్లాడారు. ఓపెన్ హార్ట్‌లో ఛాతీ ఎముక కోసి, గుండె ఆపి, రక్తాన్ని మిషన్ మీద తిప్పుతూ పాత వాల్వ్ తీసేసి కొత్తది కుడతారు. దశాబ్దాలుగా చేస్తున్న మంచి పద్ధతి, వయసు తక్కువున్నవాళ్ళకి ఇప్పటికీ దానికే మొగ్గు చూపుతారు. కానీ నాన్నకి ఒకసారి ఛాతీ తెరిచారు కాబట్టి ఎముక వెనకాలే పాత బైపాస్‌లో కుట్టిన రక్తనాళం (గ్రాఫ్ట్) అతుక్కుని ఉండొచ్చు, మళ్ళీ కోసేటప్పుడు దానికి దెబ్బ తగిలితే పెద్ద ప్రమాదం. పైగా ఈ కిడ్నీలు అంత పెద్ద ఆపరేషన్‌ని తట్టుకోవాలి. ఎస్‌టీఎస్ స్కోర్ అని ఒకటుంది, వయసు, కిడ్నీ, షుగర్, పాత ఆపరేషన్లు అన్నీ కంప్యూటర్‌లో కొడితే ఆపరేషన్‌లో ప్రాణాపాయం ఎంత శాతమో అంచనా చూపిస్తుంది. 4 లోపు తక్కువ రిస్క్, 8 దాటితే హై రిస్క్. నాన్నకి 8.3 వచ్చింది. స్క్రీన్ మా వైపు తిప్పి మరీ చూపించారు.

టావీలో కోత లేదు. గజ్జ దగ్గరి రక్తనాళంలోంచి సన్నని గొట్టం మీదుగా, ముడిచిన కొత్త వాల్వ్‌ని గుండె దాకా పంపించి, పాత వాల్వ్ లోపలే తెరుస్తారు. పాతదాన్ని తీసెయ్యరు, కొత్తది దాన్ని పక్కలకి నొక్కేసి ఆ చోట కూర్చుంటుంది. 2002 ఏప్రిల్ 16న ఫ్రాన్స్‌లోని రువాన్‌లో అలెన్ క్రిబియే అనే డాక్టర్ దీన్ని మొదటిసారి మనిషికి చేశారు, అది కూడా ఆపరేషన్ తట్టుకోలేడని సర్జన్లు కాదన్న 57 ఏళ్ళ పేషెంట్‌కి. అంటే ఈ పద్ధతి పుట్టిందే నాన్నలాంటివాళ్ళ కోసం. 2010లో వచ్చిన పార్ట్‌నర్ అనే పెద్ద ట్రయల్‌లో, ఆపరేషన్ చేయడానికి వీల్లేని 358 మందిని చూస్తే, మామూలు వైద్యంతో ఉన్నవాళ్ళలో ఏడాది తిరిగేసరికి 50.7 శాతం మంది పోయారు, టావీ చేసినవాళ్ళలో 30.7 శాతం. డాక్టర్ గారు అక్కడితో ఆపలేదు. ఆ మరుసటి ఏడాది, ఆపరేషన్ చేయొచ్చు గానీ రిస్క్ ఎక్కువ అన్న 699 మందిలో టావీనీ ఓపెన్ హార్ట్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఏడాదికి మరణాలు 24.2, 26.8 శాతం, అంటే దాదాపు సమానం, కానీ పక్షవాతం మాత్రం అప్పట్లో టావీ చేసినవాళ్ళలోనే ఎక్కువ కనిపించింది అని కూడా చెప్పారు. మేం అడగని సంగతి, మాకు భయం పెంచే సంగతి తనంతట తాను చెప్పారు. నాకు ఆయన మీద నమ్మకం కుదిరింది అప్పుడే.

తర్వాత పది రోజులు పరీక్షలు. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మేం కట్టిన డబ్బుకి అసలైన పని జరిగింది ఈ పది రోజుల్లోనే అని నా గట్టి అభిప్రాయం. టావీకి సీటీ యాంజియో, అంటే రక్తనాళాలని చూపించే స్కాన్, తప్పదు, దానికి డై ఎక్కించాలి, డై అంటే కిడ్నీలకి బరువు. అందుకని ముందురోజే అడ్మిట్ చేసుకుని సెలైన్ పెట్టి, డై వీలైనంత తక్కువ వాడి, రెండు రోజుల తర్వాత మళ్ళీ క్రియాటినిన్ చేశారు. 1.9 వచ్చింది, ఆ 0.1 కూడా దిగేదాకా ఆగుదాం అన్నారు. మొదటి చోట 'ఎల్లుండి చేసేద్దాం' అన్న మాట గుర్తొచ్చి నాకు వెన్నులో చలి పుట్టింది.

ఆ సీటీతో ఏం చేస్తారో డాక్టర్ గారు ఓపీ కాగితం వెనక బొమ్మ గీసి చూపించారు, ఆ కాగితం ఇంకా నా దగ్గరుంది. వాల్వ్ కూర్చునే వలయం గుండ్రంగా ఉండదు, కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాని కొలతలు మిల్లీమీటర్లలో తీస్తారు. చిన్న వాల్వ్ పెడితే పక్క సందుల్లోంచి రక్తం వెనక్కి కారుతుంది, లేదా వాల్వ్ జారిపోతుంది. పెద్దది పెడితే ఆ చోటు చిరిగే ప్రమాదం. గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళాల మూతులు ఎంత ఎత్తున ఉన్నాయో చూస్తారు, పక్కకి నొక్కిన పాత రెక్క వాటికి అడ్డం పడకూడదు కదా. కాళ్ళ నుంచి పైకి వచ్చే నాళాలు ఎంత వెడల్పు, ఎక్కడ వంకర, ఎక్కడ కాల్షియం అన్నీ చూస్తారు. అవి బాగాలేకపోతే గజ్జ దారి పనికిరాదు, భుజం దగ్గర్నుంచో ఇంకెక్కడి నుంచో వెళ్ళాలి. నాన్నకి కుడికాలి దారి బాగుందన్నారు.

పళ్ళ డాక్టర్ దగ్గరికి కూడా పంపారు. పళ్ళకీ దీనికీ ఏం సంబంధం అనుకున్నాను. నోట్లోని క్రిములు రక్తంలోకి దిగి కొత్త వాల్వ్ మీద చేరితే వచ్చే ఇన్‌ఫెక్షన్ ప్రాణాల మీదికి తెస్తుందట. కదులుతున్న దవడ పన్ను ఒకటి పీకేశారు. తర్వాత సర్జన్ గారు విడిగా వచ్చి చూశారు. కార్డియాలజిస్టు, సర్జన్, మత్తు డాక్టర్ కలిసి కూర్చుని తేల్చడాన్ని హార్ట్ టీమ్ అంటారు, నేను అది ఏదో పేరుకే అనుకున్నాను. సర్జన్ గారు నాన్న మంచం పక్కన నిలబడి 'నేను ఆపరేషన్ చేయగలను సర్, కానీ చేయను. మీకు అది మంచిది కాదు' అన్నారు.

ఈసీజీలో ఒక చోట డాక్టర్ గారు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టారు. నాన్న గుండెలో కరెంటు నడిచే రెండు తీగల్లాంటి దారుల్లో కుడివైపుది ముందే పాడైందట. కొత్త వాల్వ్ ఒత్తిడికి ఎడమదీ దెబ్బతింటే గుండె బాగా నెమ్మదించిపోతుంది, అప్పుడు పేస్‌మేకర్ పెట్టాలి, 'మీ నాన్నగారికి ఆ అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ, మనసులో పెట్టుకోండి' అన్నారు. దీన్ని గుర్తుంచుకోండి, బిల్లు దగ్గర మళ్ళీ వస్తుంది.

ఏ వాల్వ్ అన్నదాని మీద కూడా మాట్లాడుకున్నాం. బెలూన్‌తో తెరిచేవి కొన్ని, వాటంతట అవే విచ్చుకునేవి కొన్ని. మాకు పెట్టింది గుజరాత్‌లోని వాపిలో తయారయ్యే మైవాల్, బెలూన్ రకం. మన దేశంలో 2018లో దీనికి అనుమతి వచ్చింది. విదేశీ కంపెనీల వాల్వులతో పోల్చి 768 మంది మీద చేసిన ల్యాండ్‌మార్క్ ట్రయల్ ఫలితాలు 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి, మొదటి నెల రోజుల ఫలితాల్లో వాటికి తీసిపోలేదని తేలింది. సైజుల మధ్యలో సైజులు ఉండటం దీని సుగుణం, నాన్నకి సరిపోయింది 24.5. స్వదేశీ అని చవకబారు అనుకోవద్దని చెప్పడానికే ఇంత రాశాను.

దాని రెక్కలు దేనితో చేస్తారో కూడా డాక్టర్ గారు ముందే చెప్పారు. ఆవుజాతి పశువు గుండె చుట్టూ ఉండే పొరతో. చాలా కంపెనీలవి అలాంటివేనట, కొన్ని పందివి. మా ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. నాన్న ఆ సాయంత్రం ఏమీ మాట్లాడలేదు. రాత్రి మందు వేసుకుంటూ 'ముందే చెప్పాడు చూడు, మంచివాడు. దానికో దండం పెట్టుకుని పెట్టించుకుంటానమ్మా' అన్నారు. చెప్పకుండా పెట్టేసి తర్వాతెప్పుడో తెలిసుంటే ఆయన ఎంత నలిగిపోయేవారో నాకు తెలుసు. దయచేసి డాక్టర్లు ఈ మాట దాచకండి.

ఇక కన్సెంట్ ఫారం. ముందు ఇంగ్లీషుది ఇచ్చారు. నాన్న తెలుగుది కావాలన్నారు. అరగంట తర్వాత ఎక్కడినుంచో తెచ్చి ఇచ్చారు. ఎవరో మిషన్‌లో వేసి తిప్పినట్టుంది. 'చికిత్స సమయంలో దెబ్బ సంభవించవచ్చును' అని ఉంది. నాన్న సిస్టర్‌ని పిలిచి 'దెబ్బ అంటే ఏమిటమ్మా' అని అడిగారు. ఆ అమ్మాయిది ఖమ్మం, ఇంగ్లీషు ఫారం తెచ్చి పక్కన పెట్టి చూసి 'స్ట్రోక్ తాతయ్యా, పక్షవాతం' అంది. నాన్న నన్ను ఎర్ర పెన్ను అడిగారు. 'దెబ్బ' కొట్టేసి పైన 'పక్షవాతం' అని రాశారు. అలా మూడు పేజీలూ దిద్దుకుంటూ వెళ్ళి, పక్కన ప్రూఫ్ గుర్తులు పెట్టి, చివర్లో సంతకం చేశారు. 'పక్షవాతం రావచ్చని తెలిసి సంతకం పెట్టడం వేరు, దెబ్బ తగులుతుందంటే పెట్టడం వేరు' అన్నారు. ఇంత పెద్ద ఆసుపత్రి, లక్షలకి లక్షలు తీసుకుంటూ, మనిషి ప్రాణానికి సంబంధించిన ఒక్క కాగితం తెలుగులో సరిగ్గా రాయించలేదు. నాకు వచ్చిన మొదటి కోపం ఇది. సిస్టర్ మాత్రం ఆ కాగితాన్ని జిరాక్స్ తీయించుకుని దాచుకుంది.

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకి ఈ పని చేసే క్యాథ్ ల్యాబ్ అనే గదిలోకి తీసుకెళ్ళారు. పూర్తి మత్తు ఇవ్వలేదు, మగతగా ఉండేలా ఇచ్చి గజ్జ దగ్గర తిమ్మిరి ఇంజెక్షన్ చేశారంతే. వాల్వ్ తెరిచే ఆ కొన్ని సెకన్లు గుండె నిమిషానికి 180 సార్లకి పైగా కొట్టుకునేలా కరెంటు ఇస్తారు. అంత వేగంలో గుండె రక్తాన్ని తోయలేదు, రక్తం తోపుకి వాల్వ్ జారిపోకుండా ఆ సందులో బెలూన్ ఉబ్బించి కూర్చోబెట్టేస్తారు. నాన్నకి మాటలు వినపడుతూనే ఉన్నాయట. 'ఒక్క క్షణం దీపం ఒత్తి తగ్గించినట్టయిందమ్మా, మళ్ళీ పెంచారు' అన్నారు తర్వాత. పదీ పావుకి డాక్టర్ గారు బయటికి వచ్చి, 52 ఉన్న గ్రేడియంట్ 9కి దిగింది, లీక్ లేదు అన్నారు. తమ్ముడు గోడకి జేరబడి కూర్చుండిపోయాడు. సాయంత్రం దాకా కుడికాలు కదపకుండా పడుకోవాలి, అదే నాన్నకి అన్నిటికంటే కష్టమైంది.

ఆ పేస్‌మేకర్ భయం ఉంది కాబట్టి గుండె నెమ్మదిస్తే కరెంటు ఇచ్చి కొట్టుకునేలా చేసే తాత్కాలిక పేసింగ్ తీగని తీయకుండా ఉంచారు. శుక్రవారం రాత్రి రెండున్నర దాటాక, ఐసీయూ బయట కుర్చీలో ఉన్న నాకు ఫోన్ వచ్చింది. గుండె నిమిషానికి 34కి పడిపోయింది, ఆ తీగ అందుకుంది. నన్ను రెండు నిమిషాలు లోపలికి పంపారు. ఖమ్మం అమ్మాయి ఆయన మంచం దగ్గరే ఉంది, ఒక చెయ్యి మానిటర్ మీద, ఒక చెయ్యి ఆయన మణికట్టు మీద. 'ఏం కాలేదక్కా, దీనికోసమే కదా వైరు ఉంచింది' అంది. ముందే చెప్పారు కాబట్టి నేను నిలబడగలిగాను. శనివారం ఎడమ కాలర్ బోన్ కింద పేస్‌మేకర్ పెట్టారు.

ఇప్పుడు బిల్లు. ప్యాకేజీ 18 లక్షల 50 వేలు అని కౌన్సెలర్ రాసిచ్చారు, 'అన్నీ ఇందులోనే మేడమ్' అని రెండుసార్లు అన్నారు. సగానికి పైగా వాల్వ్ ఒక్కదాని ఖరీదే. చివరికి వచ్చింది 21 లక్షల 90 వేలు. పేస్‌మేకర్ ప్యాకేజీలో లేదట, దానికోసం ఐసీయూలో ఎక్కువ ఉన్న రోజులూ లేవట. ఆ అవకాశం ఎక్కువని డాక్టర్ ఈసీజీ మీద ఎర్రసున్నా చుట్టి మరీ చెప్పారు, అదే ఫైలు చూసి ప్యాకేజీ రాసినావిడకి అది కనపడలేదా? అడిగితే 'మెడికల్ సైడ్ మాకు తెలియదు మేడమ్' అన్నారు. రెండు రోజులు గొడవపడితే 40 వేలు తగ్గించారు. తమ్ముడి ఆఫీసు పాలసీ నుంచి ఐదు లక్షలు వచ్చాయి, ఆ అప్రూవల్ కోసం డిశ్చార్జ్ రోజు ఏడు గంటలు కూర్చున్నాం. మిగతాదానికి ఘట్‌కేసర్ దగ్గర నాన్న ఎప్పుడో కొన్న స్థలం అమ్మేశాం. అందరికీ అమ్ముకోవడానికి స్థలం ఉండదు. ఆ వెయిటింగ్ హాల్లో నా పక్కన కూర్చున్న నల్గొండ పెద్దమ్మకీ ఇదే జబ్బు, ఎస్టిమేట్ కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని మందులు రాయించుకుని వెళ్ళిపోయింది. ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఇంటికి వచ్చిన రాత్రి ఇంకోటి జరిగింది, ఇది చాలా ముఖ్యం. నాన్న డిశ్చార్జ్ సమ్మరీ ముందేసుకుని అలవాటుగా పెన్నుతో గీస్తూ చదువుతున్నారు. 'అమ్మా, రక్తం పల్చబడటానికి ఒక్క మాత్రే అన్నారు కదా ఆయన, ఇక్కడ రెండున్నాయేం?' అన్నారు. నిజమే. ఇక నుంచి ఆస్పిరిన్ ఒక్కటే, క్లోపిడోగ్రెల్ ఆపేద్దాం, రెండూ కలిపితే బ్లీడింగ్ ఎక్కువవుతుందని 2020లో వచ్చిన స్టడీ ఉంది అని డాక్టర్ గారు మా ఎదురుగానే చెప్పారు. ఫోన్ చేస్తే, డ్యూటీ డాక్టర్ పాత మందుల లిస్టుని అలాగే ఎక్కించేశారని తేలింది. సారీ చెప్పి అరగంటలో కొత్తది పంపారు. కానీ అది ప్రూఫ్ రీడర్ కంట పడింది కాబట్టి సరిపోయింది. ఎంతమంది ఇళ్ళల్లో ఆ కాగితం నేరుగా మెడికల్ షాపుకి వెళ్తుంది? డిశ్చార్జ్ సమ్మరీలోని ప్రతి మాత్ర పేరూ అక్కడే, డాక్టర్ ముందే, ఒక్కొక్కటి చదివించుకోండి.

నా మార్కులు అడిగితే, డాక్టర్లకీ ఐసీయూ సిస్టర్లకీ ఐదుకి ఐదు. బిల్లింగ్‌కీ కాగితాలకీ రెండు కూడా ఎక్కువే. మళ్ళీ ఎవరికైనా ఇదే అవసరం వస్తే అక్కడికే తీసుకెళ్తాను, కానీ ప్యాకేజీ కాగితం మీద 'పేస్‌మేకర్ పడితే ఎంత, ఐసీయూ రోజు పెరిగితే రోజుకి ఎంత, రక్తనాళానికి ఏదైనా అయితే సర్జరీ ఎంత' అని రాయించుకుని సంతకం చేయించుకున్నాకే అడ్వాన్స్ కడతాను. మీరు ఏ ఆసుపత్రికి వెళ్ళినా సీటీ కొలతలు చూపించి మాట్లాడతారా, సర్జన్ విడిగా వచ్చి చూస్తారా, కిడ్నీకి ఏం జాగ్రత్త తీసుకుంటారు, మీరు నెలకి ఎన్ని చేస్తారు అని మొహమాటం లేకుండా అడగండి. విసుక్కుంటే లేచి వచ్చేయండి. అలాగే, ఈ వాల్వ్ కూడా కాలం గడిచేకొద్దీ అరుగుతుంది, 79లో ఆ లెక్క వేరు, యాభైల్లో ఉన్నవాళ్ళకి వేరు. మా మాట విని చిన్నవయసు వాళ్ళు ఓపెన్ హార్ట్ వద్దనుకోకండి, అది మీ సర్జన్‌తో తేల్చుకోవాల్సిన సంగతి.

ఇప్పుడు నాన్న ఏడింటికల్లా ఇంట్లో ఉంటున్నారు. మొదటి రెండు వారాలు ఇంట్లోనే, తర్వాత వీధి చివరి దాకా, నెలకి లైబ్రరీ దాకా వెళ్ళారు. జేబులో పేస్‌మేకర్ కార్డు, వాల్వ్ కార్డు రెండూ ఉంటాయి. ఫోన్ ఎడమ జేబులో పెట్టుకోవడం మానిపించాను. పళ్ళకి ఏ పని చేయించుకున్నా ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి, ఏడాదికోసారి ఎకో.

నెల చెకప్‌కి వెళ్ళినప్పుడు ఎకోలో అంతా బాగుందన్నారు. ఓపీ బయట కూర్చుని ఉంటే ఖమ్మం అమ్మాయి మమ్మల్ని చూసి పరుగున వచ్చి ఒక కాగితం నాన్న చేతిలో పెట్టింది. 'తాతయ్యా, మీరు దిద్దిందాన్ని మా ఇన్‌చార్జ్ మేడమ్‌కి చూపించాను, కొత్తగా టైపు చేయించారు, ఒకసారి చూడరా' అంది. టావీ కన్సెంట్ ఫారం, తెలుగులో. రెండో పేరాలో 'పక్షవాతం' అని శుభ్రంగా ఉంది. నాన్న కళ్ళజోడు పైకి తోసుకుని, మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని, మొదటి లైను నుంచి వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు. రెండో పేజీలో 'రక్తస్రవం' దగ్గర వేలు ఆగింది. నా వైపు చెయ్యి చాపారు. పెన్ను ఇచ్చాను. దీర్ఘం పెట్టారు.